ఇంటికి కప్పే కంబళి
(ఇంధనం పొదుపు చేసే కట్టడాలు: ఖర్చులు, చిక్కులు)

అమెరికాలో ఖర్చయ్యే మొత్తం శక్తిలో దాదాపు 40 శాతం కట్టడాలకే పోతున్నది. ఇళ్ళు, కార్యాలయాలు, దుకాణాలు, బడులు, ఆసుపత్రులు అన్నీ ఇందులోకే వస్తాయి. విద్యుత్తును మాత్రమే లెక్కిస్తే ఈ వాటా ఇంచుమించు నాలుగింట మూడు వంతులు. సగటు ఇంటిలో వినియోగమయ్యే శక్తిలో సగానికి పైగా చలికాలపు వెచ్చదనానికి, వేసవి చల్లదనానికి పోతుంది. గదిలోనుంచి బయటికి వచ్చేటప్పుడు దీపం ఆర్పమని పిల్లలను హెచ్చరించని తెలుగు ఇల్లు ఉండదు. వెలిగే దీపం కంటికి కనబడుతుంది కనుక ఆ హెచ్చరిక. గోడలగుండా, అటక మీదుగా రాత్రింబవళ్ళు జారిపోయే వేడి మాత్రం ఎవరి కంటా పడదు. దాని జాడ నెలాఖరున వచ్చే బిల్లులోనే.

ఈ నష్టం గురించి అమెరికా ప్రజలు మొదటిసారిగా తీవ్రంగా ఆలోచించినది 1973 నాటి చమురు సంక్షోభంలో. 1976లో బీదల ఇళ్ళను చలికి తట్టుకొనేటట్లు బాగుచేయించే సమాఖ్య పథకం మొదలయింది. 1978లో కాలిఫోర్నియా రాష్ట్రం కొత్త కట్టడాలకు ఇంధన నియమాలను అమలులోకి తెచ్చింది. అప్పటినుంచి అర్ధశతాబ్ది గడిచింది. శాస్త్రం తెలిసినదే, సామగ్రి బజారులో దొరికేదే. అయినా పాత ఇళ్ళలో చాలావాటికి అటకలో ఉండవలసిన మందం లేదు, పగుళ్ళు మూయలేదు. తెలిసిన పని ఇంతకాలం ఎందుకు ఆగిపోయినదో అర్థం కావాలంటే ముందుగా వేడి నడిచే దారి తెలియాలి.

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటినుంచి తక్కువ ఉన్నచోటికి పోతుంది. గరిటె కాడ వేడెక్కినట్లు ఘనపదార్థం గుండా పోవడం ఒక పద్ధతి. వేడిగాలి తానే కదలి వెళ్ళిపోవడం రెండవది. సూర్యుని ఎండ మాదిరిగా కిరణాల రూపంలో పోవడం మూడవది. గాజు పీచువంటి ఉష్ణనిరోధకాలు మొదటి దారిని అడ్డగిస్తాయి. వాటి పనితనం అసలు పీచులో లేదు, ఆ పీచు కదలకుండా పట్టి ఉంచే గాలిలో ఉన్నది. కంబళి ఒంటిని వెచ్చగా ఉంచేది కూడా ఈ విధంగానే. ఒక పదార్థం వేడిని ఎంతగా ఆపుతుందో చెప్పే కొలత ఆర్-విలువ. గాజు పీచు అంగుళం మందానికి సుమారు 3. మామూలు కర్ర చట్రపు గోడలో మూడున్నర అంగుళాల పీచు నింపితే ఆర్-13 వరకు వస్తుంది. ఒంటి అద్దపు కిటికీకి ఆర్-విలువ 1 మాత్రమే. జంట అద్దాలకు 2. అద్దానికి కంటికి కనబడని లోహపు పూత వేసి, నడుమ ఆర్గాన్ వాయువు నింపిన మేలురకానికి 3 పైచిలుకు. అంటే అమ్మకందారు ఎంతో పొగిడే కొత్త కిటికీ కూడా అతి సామాన్యమైన గోడలో నాలుగవ వంతు పని చేస్తుంది.

ప్రిన్స్‌టన్ పాఠం

కాగితం మీది లెక్కకూ నిజమైన ఇంటికీ మధ్య ఎంత దూరమున్నదో చూపిన ప్రయోగం ఒకటి న్యూజెర్సీలో జరిగింది. ఈస్ట్ విండ్సర్ ప్రాంతంలోని ట్విన్ రివర్స్ అనే కాలనీలో, ఒకదానినొకటి ఆనుకొని వరుసగా కట్టిన ఇళ్ళను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1970 దశకంలో అనేక సంవత్సరాలపాటు పరిశీలించారు. ఈ పరిశోధనకు రాబర్ట్ సోకోలో నాయకత్వం వహించగా, బృందంలో గౌతమ్ దత్ అనే భారతీయ శాస్త్రవేత్త కూడా ఉన్నారు. అక్కడి ఇళ్ళు ఒకే నమూనా, ఒకే సామగ్రి, ఒకే వాతావరణం. అయినప్పటికీ ఒక ఇంటి గ్యాసు ఖర్చుకు రెట్టింపు మరొక ఇంటిలో కనబడింది. ఇంటిలోని కుటుంబం మారగానే ఖర్చూ మారింది. థర్మోస్టాట్ ఎంతకు పెడతారు, తలుపులు ఎంతసేపు తెరుస్తారు, ఏ గదులు వాడతారు అనేవి గోడల మందంతో సమానమైన ప్రభావం చూపుతాయని దీనివల్ల తేలింది.

అంతకన్నా విచిత్రమైన సంగతి అటకలో బయటపడింది. అటక నేలమీద గాజు పీచు పరచి ఉన్నది. దాని ఆర్-విలువను బట్టి చలికాలంలో అటక ఎంత చల్లగా ఉండాలో లెక్క కట్టవచ్చు. కొలిచి చూస్తే అటక లెక్కకు మించి వెచ్చగా ఉన్నది. పీచును దాటుకొని వేడి మరేదో దారిన పైకి చేరుతున్నదన్న మాట. వెదకగా ఫర్నేసు పొగగొట్టం చుట్టూ నేలమాళిగ నుంచి అటక దాకా తెరిచి ఉన్న సందు కనిపించింది. రెండిళ్ళ నడుమ గోడకు వాడిన బోలు సిమెంటు దిమ్మెల లోపలి ఖాళీలు కూడా వేడిగాలిని బావిలోని నీటిలాగా పైకి తోడుతున్నాయి. ఇల్లు కంబళి కప్పుకొన్నది నిజమే, కానీ కంబళి కింద కిటికీ తెరిచే ఉన్నది. ఈ రహస్యమార్గాలను మూసి, కిటికీలకూ నేలమాళిగకూ తగిన జాగ్రత్తలు తీసుకొన్న ఒక ఇంటిలో వెచ్చదనానికి కావలసిన శక్తి మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. ఇల్లు కూలగొట్టలేదు, గోడలు మార్చలేదు.

ఆ కాలంలోనే స్వీడన్‌లోనూ ప్రిన్స్‌టన్‌లోనూ రూపుదిద్దుకొన్న పరికరం బ్లోయర్ డోర్. వీధి తలుపు తీసిన చోట గుడ్డ తెరను బిగించి, దానిలో అమర్చిన పెద్ద పంకాతో ఇంటిలోని గాలిని బయటికి లాగుతారు. అప్పుడు ప్రతి పగులులోనుంచీ బయటిగాలి ఈల వేస్తూ లోపలికి దూరుతుంది. చేయి అడ్డుపెట్టినా తెలుస్తుంది. ఉష్ణచిత్రాలు తీసే కెమెరా ఉంటే గోడమీద చలి మరకలుగా కనబడుతుంది. ఇల్లు కొన్నవారు ముందుగా చేయించవలసిన పరీక్ష ఇదే. అటకలో కొత్త పీచు ఊదించిన తరువాత పరీక్షకు పూనుకొంటే, మూయవలసిన సందులు ఆ పీచు కిందనే కప్పబడిపోతాయి. గాజు పీచు గాలిని ఆపలేదు. సందులగుండా పోయే గాలికి అది వడపోత గుడ్డ మాత్రమే.

లెక్క చూస్తే

ఖర్చు సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా ఎన్ని డిగ్రీలు తక్కువైతే అన్ని డిగ్రీ-దినాలు అంటారు. ఏడాది పొడుగునా కూడితే చికాగోలో ఇవి ఆరు వేలు దాటుతాయి. హ్యూస్టన్‌లో రెండు వేలకు లోపే. వేడికి కొలత బి.టి.యు. లక్ష బి.టి.యు.లు ఒక థర్మ్. చాలాచోట్ల గ్యాసు బిల్లు మీద కనబడేది ఈ థర్మే.

ఆరు వేల డిగ్రీ-దినాల ఊరిలో వేయి చదరపుటడుగుల అటక ఉన్నదనుకుందాం. ఆరు వేలను 24 గంటలతోను, వేయి అడుగులతోను హెచ్చవేసి ఆర్-విలువతో భాగిస్తే సంవత్సరంలో ఆ అటకగుండా పోయే వేడి వస్తుంది. ఫర్నేసు గ్యాసులోని వేడిలో 80 శాతమే ఇంటికి ఇస్తుందనుకొంటే, ఆర్-11 ఉన్న పాత అటకవల్ల ఏటా 164 థర్మ్‌ల గ్యాసు పోతుంది. దాన్ని ఆర్-49కి పెంచితే 37 థర్మ్‌లు. అక్కడినుంచి ఆర్-60కి పెంచితే 30. మొదటి మెట్టులో 127 థర్మ్‌లు మిగిలాయి, రెండవ మెట్టులో ఏడే. థర్మ్ ఒక డాలరు, మొదటి పనికి ఖర్చు 1,500 డాలర్లు అనుకొంటే పన్నెండేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. తరువాతి మందానికి పనివాళ్ళను ప్రత్యేకంగా పిలిపిస్తే, వారి రానుపోను కూలికే ఏడు డాలర్ల పొదుపు చాలదు. వాళ్ళు ఎటూ అటక ఎక్కి ఉన్నప్పుడే ఇంకొన్ని బస్తాలు ఊదించడం వేరు సంగతి. చలి ప్రాంతాలలో ఆర్-49 నుంచి 60 వరకు ఉండాలని సిఫారసు చేయడంలోని ఔచిత్యం ఇదే.

ఇదే లెక్కను పదిహేను చదరపుటడుగుల కిటికీకి వేస్తే ఫలితం చాలామందికి రుచించదు. ఒంటి అద్దాన్ని మేలురకం జంట అద్దంగా మారిస్తే ఏటా సుమారు 19 థర్మ్‌లు మిగులుతాయి. ఇదివరకే జంట అద్దం ఉన్న కిటికీని మారిస్తే మిగిలేది ఐదు థర్మ్‌లు. కిటికీ బిగించడానికి అయ్యే ఖర్చు మాత్రం అనేక వందల డాలర్లు, తరచు వేయి దాటుతుంది. ఈ లెక్కలో పాత చట్రపు సందులలో దూరే చలిగాలిని, వేసవి ఎండను కలపలేదు. కలిపినా పొదుపు రెట్టింపయితే గొప్ప. పాడైన కిటికీని మార్చడానికి, వీధిలో ఇల్లు అందంగా కనబడడానికి, పక్కన కూర్చుంటే చలి కొట్టకుండా ఉండడానికి కొత్తవి వేయించుకోవచ్చు. ఇంధనం మిగిల్చి తన ధర తానే తీర్చుకొంటుందని నమ్మి అప్పు చేయడం మంచిది కాదు. ఇంటింటికీ వచ్చి తలుపు తట్టేవారిలో కిటికీలు అమ్మేవారు తరచుగా కనబడతారు. సందులు మూస్తామని వచ్చేవారు అరుదు. ఒక గొట్టం కాల్కింగ్ అమ్మితే వచ్చే లాభం ఎంతని?

బిగించిన ఇంటిలో పోపు

పొదుపు కోసం చేసిన పని ఇంటికే చేటు తెచ్చిన ఉదాహరణలు లేకపోలేదు. 1970 దశకం చివర కెనడాలో ప్రభుత్వ ప్రోత్సాహంతో ఎన్నో ఇళ్ళ గోడలలో యూరియా ఫార్మాల్డిహైడ్ నురగను నింపించారు. దానినుంచి వెలువడే వాయువు కళ్ళకు, ఊపిరితిత్తులకు బాధ కలిగిస్తున్నదని ఫిర్యాదులు రావడంతో 1980లో కెనడా దానిని నిషేధించింది. అమెరికాలో 1982లో విధించిన నిషేధాన్ని మరుసటి ఏడే న్యాయస్థానం కొట్టివేసినా, ఆ నురగ మీద జనానికి నమ్మకం మళ్ళీ కుదరలేదు. గోడలో నింపినదాన్ని బయటికి తీయడం నింపడంకన్నా ఎన్నో రెట్లు కష్టం.

తేమ మరింత సాధారణమైన చిక్కు. తెలుగువారి వంటగదిలో అన్నం వార్చినా, కుక్కరు కూతలు పెట్టినా, పప్పు ఉడికినా వెలువడేది నీటి ఆవిరే. గాలి చొరబడే పాత ఇంటిలో ఆ ఆవిరి దానంతట అదే బయటికి పోయేది. సందులన్నీ మూసిన ఇంటిలో అది చల్లని అద్దం మీద, మూలల్లో, గోడ లోపలి చెక్కమీద నీరుగా మారి బూజు పట్టిస్తుంది. పోపు ఘాటు, వేపుడు పొగ సంగతి చెప్పనక్కరలేదు. పొయ్యిమీద అమర్చిన హుడ్లలో చాలావరకు గాలిని జల్లెడ పట్టి తిరిగి వంటగదిలోకే వదులుతాయి. గొట్టం ద్వారా బయటికి పంపేదే నిజమైన హుడ్. అది బలమైనదై, ఇల్లు బాగా బిగించినదైతే మరొక ప్రమాదం ఉన్నది. బయటికి పోయిన గాలికి బదులు గాలి కోసం ఆ హుడ్ వాటర్ హీటరు పొగగొట్టంలోని వాయువులను వెనక్కు లాగవచ్చు. వాటిలో ప్రాణాపాయకరమైన కార్బన్ మోనాక్సైడ్ ఉండే అవకాశం ఉన్నది. కనుక సందులు మూసిన తరువాత గ్యాసు పరికరాల పొగ సరిగా పోతున్నదా అని పరీక్షించడం, కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రం పెట్టుకోవడం తప్పనిసరి. దీనికి కుదిరిన మార్గం, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే ఉష్ణమార్పిడి యంత్రం. కెనడాలోని రెజైనా నగరంలో 1977లో కట్టిన సస్కాచివాన్ పొదుపు గృహంలో దీనిని వాడారు. అంత చలి ప్రదేశంలో ఆ ఇంటికి ఫర్నేసే లేదు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వెలసిన పాసివ్ హౌస్‌కు అది పూర్వగామి. ఇటువంటి యంత్రం కొత్త ఇంటికి సులభం. పాత ఇంటిలో గొట్టాలు వేయడానికి గోడలు, పైకప్పు తెరవవలసి రావడం వల్ల ఖర్చు పెరిగిపోతుంది.

పెట్టేది ఒకరు, పొందేది మరొకరు

మిచిగన్ రాష్ట్రంలో సుమారు 30,000 కుటుంబాలతో ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. బీదల ఇళ్ళను బాగుచేసే 1976 నాటి సమాఖ్య పథకాన్నే వారు పరీక్షకు పెట్టారు. ఇంజనీర్ల నమూనాలు చెప్పిన పొదుపు నిజంగా జరిగిన పొదుపుకు మూడు రెట్లకు పైగా ఉన్నది. పెట్టిన ఖర్చు మిగిలిన ఇంధనం విలువకు దాదాపు రెట్టింపు. బిల్లు తగ్గింది కదా అని జనం థర్మోస్టాట్ పెంచారేమో అని చూస్తే, అటువంటి ఆధారమూ దొరకలేదు. లెక్కే అతిగా ఆశ పెట్టుకొన్నది. ఈ పరిశోధన ఒక్క రాష్ట్రానిదని, పథకంలో భద్రతకోసం చేసే మరమ్మతులు కూడా ఉంటాయని ఆక్షేపించినవారున్నారు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఇదే పథకం మీద దేశమంతటా జరిపిన మూల్యాంకనం, ఆరోగ్య లాభాలను కూడా కలుపుకొని, మరింత అనుకూలమైన ఫలితాన్నిచ్చింది. ఏది ఎట్లా ఉన్నా మిచిగన్ అనుభవంలో మరచిపోరాని అంశం మరొకటి ఉన్నది. పని పూర్తిగా ఉచితమని ఇంటికి వెళ్ళి చెప్పినా ముందుకు వచ్చినవారు చాలా కొద్దిమంది. దరఖాస్తు పత్రాలు, సెలవు పెట్టి ఇంటిలో ఉండడం, కొత్తవాళ్ళు అటక ఎక్కి దిగడం, ఈ శ్రమకు ధర కట్టిన లెక్క ఏదీ లేదు.

అద్దె ఇళ్ళలో చిక్కు మరొక రకం. బిల్లు కట్టేది అద్దెకున్నవారు, గోడ యజమానిది. యజమాని డబ్బు పెడితే లాభం అద్దెవారికి, అద్దెవారు పెడితే ఇల్లు వదిలేటప్పుడు అది యజమానికి. సొంత ఇంటివారు కూడా ఉద్యోగం మారి ఐదారేళ్ళలో వేరే రాష్ట్రానికి పోవలసి వస్తే పన్నెండేళ్ళ లెక్క వారికి పనికిరాదు. కొనేవారు వంటగది గ్రానైటును చూసి మెచ్చుకొంటారు గాని అటక నిచ్చెన ఎక్కరు. 2022 నాటి చట్టం ఉష్ణనిరోధకాలకు, కిటికీలకు కలిపి ఏటా 1,200 డాలర్ల వరకు, హీట్ పంపులకు 2,000 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇచ్చింది. 2025లో వచ్చిన చట్టం దానిని ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించింది. ఆ తరువాత మిగిలినవి రాష్ట్రాలు, విద్యుత్ సంస్థలు ఇచ్చే రాయితీలు. అవి ఊరికొక తీరుగా ఉంటాయి.

ఇన్ని చిక్కులనూ దాటిన ఉదాహరణ న్యూయార్కు నడిబొడ్డున నిలిచి ఉన్నది. 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనాన్ని బాగుచేసే పథకాన్ని 2009లో ప్రకటించారు. 6,514 కిటికీలను పారేయలేదు. అదే భవనం ఐదవ అంతస్తులో కార్ఖానా పెట్టి, ప్రతి కిటికీనీ విప్పి, రెండద్దాల నడుమ పలుచని పొరను చేర్చి, వాయువు నింపి తిరిగి బిగించారు. పాత అద్దాలు, చట్రాలు 96 శాతం మళ్ళీ పనికి వచ్చాయి. రేడియేటర్ల వెనుక వేడిని తిప్పికొట్టే పలకలు పెట్టారు. ఈ పనులతో చల్లదనపు భారం తగ్గిపోవడంతో శీతలయంత్రాలను కొత్తవి, పెద్దవి కొనకుండా ఉన్నవాటినే మరమ్మతు చేసుకోగలిగారు. అసలు పొదుపు అక్కడ ఉన్నది. ఇంధన పొదుపు కోసం అదనంగా పెట్టినది సుమారు 1 కోటి 32 లక్షల డాలర్లు. శక్తి వినియోగం 38 శాతం, ఖర్చు ఏటా 44 లక్షల డాలర్లు తగ్గుతుందని అంచనా. మూడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది.

ఆ భవనానికి యజమాని ఒక్కరే, నెలనెలా లక్షల బిల్లు, లెక్కలు చూసే ఇంజనీర్లు ఉన్నారు. పొదుపు తగ్గితే తేడా చెల్లిస్తామని హామీ పత్రం రాసిన గుత్తేదారు సంస్థ ఉన్నది. రెండు వేల చదరపుటడుగుల ఇంటికి అటువంటి హామీ రాసేవారు దొరకరు. కానీ పని వరుస మాత్రం ఇంటికి కూడా అదే. ముందు సందులు, తరువాత అటక, చివరికి యంత్రం. ఫర్నేసు పాడైనదని తొందరపడి ముందుగానే పెద్ద హీట్ పంపు కొని, మరుసటి ఏడు సందులు మూయించిన ఇంటిలో ఆ యంత్రం అవసరానికి మించినదై, కాసేపు తిరిగి ఆగిపోతూ ఉంటుంది. వేసవిలో గది చల్లబడుతుంది గాని గాలిలోని తేమ తీయడానికి దానికి సమయం చాలదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూడా ఒక ఇల్లు ఉంచుకొన్న కుటుంబాలకు ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఆపవలసినది లోపలి వేడిని కాదు, పైకప్పు మీది ఎండను. పాతకాలపు మందపు మట్టిగోడలు, పెంకుల కప్పు పగటి ఎండను లోపలికి చేరనివ్వడంలో ఆలస్యం చేసేవి. నేటి కాంక్రీటు శ్లాబు మాత్రం సాయంత్రానికి పెనంలాగా కాగి రాత్రంతా గదిలోకి వేడిని వదులుతుంది. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ.-గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం అమెరికా వెలుపల ఆ దేశపు ప్లాటినం హరిత గుర్తింపు పొందిన మొదటి భవనం. భారతదేశంలో పెద్ద వాణిజ్య కట్టడాలకు 2007లో, నివాసాలకు 2018లో ఇంధన నియమావళులు వచ్చాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 వరకు వర్తించే చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయడం దానిలో ముఖ్యాంశం. కిటికీ మార్పిడితో పోలిస్తే దాని ఖర్చు అత్యల్పం. అయితే దుమ్ము పట్టే కొద్దీ పూత పనితనం తగ్గుతుంది కనుక కడగడం, కొన్నేళ్ళకొకసారి తిరిగి వేయించడం ఉంటుంది. అపార్ట్‌మెంటులో వేడికి ఉడికేది పై అంతస్తువారు. ఆ కప్పు మాత్రం అందరి ఉమ్మడి ఆస్తి. పూత ఖర్చు పంచుకొందామని సంఘ సమావేశంలో అడిగితే, తమ గది చల్లగానే ఉన్నదని చెప్పే మొదటి అంతస్తువారిని ఒప్పించడమే అక్కడ మిగిలిన పని.